మా ఇంటికే తిరిగొచ్చిన వ్యాసం

మొన్న మణికొండలో మా మనవరాలి ఫ్లాటుకు వెళ్ళేసరికి ఆ పిల్ల ల్యాప్‌టాప్ ముందు కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది. ఏదో సదస్సుకు పంపిన వ్యాసాన్ని పేరు తెలియని పరిశీలకులెవరో తప్పులు పట్టి తిప్పి పంపారట. "నా మొహమైనా చూడనివాళ్ళకి నా మీద ఇంత కసేంటి నానమ్మా?" అంది. పక్కగదిలో బట్టలు మడతపెడుతున్న మా కోడలు, అంటే దాని తల్లి, చేతిలో మడత ఆపింది.

పాతికేళ్ళ కింద కొత్తగూడ చూసినవాళ్ళు మీలో ఉంటే గుర్తుండే ఉంటుంది, ఇప్పుడు ఫ్లైఓవర్ ఉన్నచోట అన్నీ బండలు, తుమ్మచెట్లు, అటు మాదాపూర్ వైపు కొత్త భవనాలు లేస్తుంటే లారీల దుమ్మంతా మా వంటింట్లోకే వచ్చేది, గిన్నెలు ఎంత బోర్లించి పెట్టినా అన్నంలో ఇసుక తగిలేది. గుంటూరు నుంచి వచ్చి అక్కడ ఒక గది, చిన్న వంటిల్లు కిరాయికి తీసుకుని ఉన్నాం. మా అబ్బాయి స్కూటరు మీద నుంచి పడి, నడుము దెబ్బతిని మంచాన ఉన్నాడు. డాక్టర్లు లేస్తాడనీ అనలేదు, లేవడనీ అనలేదు. కోడలు ఒక ప్రైవేటు మేనేజ్‌మెంట్ కాలేజీలో పాఠాలు చెప్పేది, అదీ తాత్కాలికంగానే. దేశదేశాల్లో వ్యాపారం చేసే కంపెనీలను ఎలా నడపాలో మాట్లాడుకునే పెద్ద సదస్సొకటి మన నగరంలో జరగబోతోందనీ, అందులో వ్యాసం చదివితేనే ఉద్యోగం ఖాయమనీ, లేదంటే వేసవి సెలవుల తర్వాత రానక్కర్లేదనీ కాలేజీవాళ్ళు తేల్చి చెప్పేశారు. పసిదానితో కలిపి మా నలుగురి అన్నం ఆ వ్యాసం మీదే ఉంది.

నేను చదివింది మూడో తరగతి. పలక పట్టగానే ముందు పేరు రాయమన్న చదువు అది. ఈ వ్యాసంలో మాత్రం ఎక్కడా పేరు ఉండకూడదట, చూసేవాళ్ళకు ఎవరు రాశారో తెలియకూడదట. పేరు లేని కాగితాన్ని ఎవరిదని లెక్క వేస్తారే అని కోడలిని కసిరాను. వరుసకీ వరుసకీ మధ్య అంతంత ఖాళీ వదిలి, అదీ ఒకవైపే అచ్చు వేయించిందని చూసి నా ప్రాణం ఉసూరుమంది. అందుకే మొదటి పేజీ మీద టీ గ్లాసు అడుగు గుండ్రంగా మరక పడినప్పుడు, మళ్ళీ అచ్చు వేయిస్తానంటే నేనే ఒప్పుకోలేదు. మరకేమన్నా చదువుకు అడ్డమొస్తుందా అన్నాను. ఆ కాగితాలకే జిరాక్సులు తీయించి కొరియర్లో పంపింది.

వ్యాసం పంపినవాళ్ళే ఇంకొకరి వ్యాసాన్ని పరిశీలించి, అభిప్రాయం రాసి పంపాలన్నది అక్కడి పద్ధతి. కొన్నాళ్ళకు కోడలికీ ఒక కవరు వచ్చింది. వంటింట్లో విప్పితే మొదటి పేజీ మీద నల్లటి సున్నా. నాకు ఇంగ్లీషు రాదు గానీ నా గ్లాసు నాకు తెలియదా! "ఇది మనదే కదే," అన్నాను. కోడలు ముందు నవ్వింది, తర్వాత ఆ నవ్వు అలాగే గడ్డకట్టింది. పేరు లేని కాగితాలు ఎక్కడో కలగలిసిపోయి, ఆమె వ్యాసం ఆమెకే వచ్చింది.

ఇద్దరం పరుగున ఎస్టీడీ బూతుకు వెళ్ళాం. సదస్సు ఆఫీసులో ఫోనెత్తినతను ఎంత గట్టిగా అరిచాడంటే అవతల నిలబడ్డ నాకే వినిపించింది. "అయ్యో మేడమ్, గిప్పుడు ఇంకొకల్లకు పంపనీకి టైం యాడిది? రేపటిదాంక రాకుంటే ఆ పేపర్ తీసేస్తరు. జర ఫికర్ చెయ్యకుండ్రి, మీరే మంచిగ రాసి పంపుండ్రి, ఎవరు చూడొచ్చిన్రు?"

దేవుడే దారి చూపించాడనుకున్నాను. మర్నాడు ఆదివారం, ప్రార్థనకు కూడా వెళ్ళనివ్వకుండా ఆమెను వంటింట్లో కూర్చోబెట్టాను. మా అబ్బాయికి మాత్రం చెప్పలేదు. మధ్యాహ్నానికి చూస్తే కాగితం నిండా రాసింది.

"బాగుందనే రాశావు కదా?"

"సవరిస్తే తీసుకోవచ్చని రాశానండీ అత్తయ్యా."

"నీకేమన్నా మతి పోయిందా?"

"బాగుందని రాద్దామనే కూర్చున్నానండీ. చదువుతుంటే నాకే తెలిసిపోయింది. అంతా బయటి పుస్తకాల్లోంచి ఎత్తి రాసిందే, మన ఊరి మనిషి ఒక్కడు లేడు ఇందులో. ఇంకొకళ్ళదైతే ఇదే రాసేదాన్ని."

"ఇంకొకళ్ళదైతే రాసుకో! ఆ మంచం మీద ఉన్నవాడు ఇంకొకళ్ళవాడా?"

కోడలు తలెత్తకుండానే కవరు అంటించి తనే సదస్సు ఆఫీసుకు వెళ్ళి ఇచ్చి వచ్చింది.

సవరించాలన్న వ్యాసాలన్నిటినీ సమయం చాలదని పక్కన పెట్టేశారు. ఆ సంగతి చెబుతూ వచ్చిన ఉత్తరం కింద, పరిశీలకుల అభిప్రాయమంటూ ఆమె మాటలే మళ్ళీ అచ్చువేసి పంపారు. ఏం రాశారో తెలుగులో చెప్పమని మా అబ్బాయి పట్టుబట్టాడు. అంతా విని, "ఎవడే ఆ దుర్మార్గుడు?" అన్నాడు. "నేనేనండీ," అంది కోడలు. వాడు నడుము నొప్పెట్టేదాకా నవ్వాడు, నవ్వి నవ్వి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ పూట ఎవ్వరం అన్నం ముట్టలేదు.

వేసవి తర్వాత కాలేజీ లేదు. రాయదుర్గం వైపు ఒక కంపెనీలో విదేశాలవాళ్ళ ఫోన్లు ఎత్తే పనికి కుదిరింది. అక్కడ ఆమెకు దొరసాని పేరొకటి పెట్టారు. పేరు లేకుండా వ్యాసం పంపిన మనిషి, ఎవరిదో పేరుతో మా అందరినీ సాకింది. మా అబ్బాయి చేతికర్రతో లేవడానికి ఏళ్ళు పట్టింది. మళ్ళీ ఆమె వ్యాసం రాయలేదు. ఆ రోజు బాగుందని రాసుకుని ఉండాల్సిందని నేను ఇప్పటికీ అంటాను. అన్నప్పుడల్లా ఆమె లేచి ఏదో పని చూసుకుంటుంది.

మొన్న మాత్రం మడతపెట్టిన బట్టలు పట్టుకుని ఇవతలికి వచ్చి, వాళ్ళేం రాశారో చదవమని కూతుర్ని అడిగింది. అంతా విని, "వాళ్ళు పట్టిన రెండో తప్పు నిజమే కదమ్మా," అంది మెల్లగా. మనవరాలు తల్లి మీద అలిగింది. పాతికేళ్ళ కింద అయితే మా ఇంటికి ఆ దెబ్బ కొట్టిందెవరో మాకు తెలుసు, మాతోపాటే పస్తు ఉంది. దీన్ని ఏడిపించినవాళ్ళు ఏ దేశంలో ఉన్నారో, వాళ్ళకూ ఎవరైనా మంచాన ఉన్నారో, తెలిసే దారే లేదు. నేను లేచి టీ కాచి, గ్లాసు తెచ్చి ల్యాప్‌టాప్ పక్కన పెట్టాను. మరక పడుతుందేమోనని అలవాటుగా చూశాను. పడటానికి అక్కడ కాగితమే లేదు.