మిష్రిఫ్ పెరట్లో గుంతల మిషన్

మొన్న రాజంపేట దగ్గర మా చెల్లెలి తోటలో నిమ్మ మొక్కలకు మిషనుతో గుంతలు తీయిస్తుంటే, పెట్రోల్లో ఆయిలు కలిపి మండించిన ఆ నీలం పొగ వాసన గట్టు మీద కూర్చున్న నా ముక్కుకు తగిలింది. కూర్చోలేకపోయాను. లేచి అటూ ఇటూ తిరిగాను. ఎందుకే ఆ తిరుగుడు అని చెల్లెలు అడిగింది. మేము కువైట్లో ఉన్నప్పుడు తను ఇంకా పుట్టలేదు. ఆ వాసన అక్కడ మా నాయన చొక్కాది.

నాయన దజీజ్‌లో మిషన్లు అద్దెకిచ్చే ఒక యార్డులో రిపేర్లు చేసేవాడు. అమ్మ మిష్రిఫ్‌లో ఒక కువైటీ ఇంట్లో పని చేసేది. ఆ ఇంటి యజమానురాలిని అరబ్బు ఇళ్లలో పనివాళ్లందరూ పిలిచినట్టే మేమూ మామా అనేవాళ్లం. మామా మంచిది కాబట్టి ఇంటి వెనక గదిలో మా ముగ్గురినీ ఉండనిచ్చింది. మామా కూతురు నూరాకూ నాకూ ఒకటే ఈడు. ఎండాకాలమంతా ఏసీ గదిలో ఖర్జూరం గింజలతో అచ్చనగాయలు ఆడేవాళ్లం, నోటికి ఏ భాష వస్తే ఆ భాషలో పోట్లాడుకునేవాళ్లం. రంజాన్ వస్తే మామా గోధుమలూ మాంసమూ కలిపి మెత్తగా ఎనిపిన హరీస్, పాకంలో ముంచిన ఉండలు మా గదికి పంపేది. అమ్మ ఊరి నుంచి మోసుకొచ్చిన రాగిపిండితో సంగటి కెలికి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి నూరి అటు పంపేది. ఆ కారానికి నూరా కళ్లనీళ్లు కారుస్తూనే మళ్లీ పెట్టమని గిన్నె చాపేది.

చలికాలం నాయనకు తీరిక ఉండేది కాదు. చలి పడగానే కువైటీలు ఎడారిలో గుడారాలు వేసుకుని ఉంటారు. గుంజలు పాతడానికి గుంతల మిషన్లు అద్దెకు తీసుకుపోయి, ఇసుకతో నింపి, ప్లగ్గులు మాడగొట్టి తెచ్చి పడేసేవాళ్లు. స్క్రూలా మెలితిరిగిన పొడవాటి ఇనుప బరమా, దాని నెత్తిన చిన్న ఇంజను, రెండు పక్కలా పిడులు, అంతే ఆ మిషను. నాయన దాని తాడు లాగి, చెవి పక్కకు వంచి వినేవాడు. ప్లగ్గు ఊడదీసి వాసన చూసేవాడు. కార్బొరేటర్ సందుల్ని నోటితో ఊదేవాడు. నేను పక్కన కూర్చుంటే స్పానర్లు ఎడం చేతి వైపు పేర్చమనేవాడు, కుడి చేతి వైపు పెడితే ఊరుకునేవాడు కాదు.

తొంభయ్యో సంవత్సరం ఆగస్టులో ఒక తెల్లవారుజామున దూరంగా ఉరుములు వినిపించాయి. మబ్బే లేని దేశంలో ఉరుములేమిటని అమ్మ గుమ్మంలోకి వచ్చింది. ఎండెక్కేసరికి ఇరాక్ సైన్యం వచ్చేసిందని వీధంతా తెలిసిపోయింది. మామా భర్త పని మీద వేరే దేశంలో ఉండి అక్కడే చిక్కుకుపోయాడు. మామా, ముసలి అత్తగారు, పిల్లలు, మేము మిగిలాం. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఎవరూ ఒక చోట స్థిమితంగా కూర్చున్నట్టు నాకు గుర్తు లేదు. పరుపులు ఒక గది నుంచి ఇంకో గదికి మారేవి, కిటికీలకు దుప్పట్లు కట్టేవాళ్లు, ఊపిరాడక మళ్లీ విప్పేవాళ్లు. మామా రేడియో ముల్లు తిప్పుతూనే ఉండేది. నాయన గేటు దాకా పోయేవాడు, వచ్చేవాడు, మళ్లీ పోయేవాడు. నేనూ నూరా ఏ ఆట మొదలుపెట్టినా సగంలో వదిలేసేవాళ్లం.

దజీజ్ యార్డులో పనికొచ్చే మిషన్లన్నీ సైనికులు లారీలకెక్కించుకుపోయారు. రిపేరుకొచ్చి మూలన పడున్న ఒక గుంతల మిషన్ను మాత్రం వదిలేశారు. నాయన దాన్నీ, దానికి తగిలించే పొడుగు కడ్డీలనూ తెలిసినవాళ్ల బండిలో ఇంటికి తెచ్చాడు. ఎందుకు తెచ్చాడో అప్పుడు ఆయనకే తెలియదనుకుంటాను, ఊరికే ఉండలేని చేతులు ఆయనవి.

అప్పటికే మనవాళ్లు బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ పోతున్నారు. నాయన కూడా బస్సు కోసం మా పేర్లు రాయించి వచ్చాడు. అదే వారంలో కుళాయి నీళ్లు ఆపేస్తారని పుకారు పుట్టింది. పుకారుకు తోడు మా వీధిలో నీళ్లు ఉన్నట్టుండి ఆగిపోవడం, మళ్లీ రావడం మొదలైంది. మామా పదే పదే మిద్దెక్కి ట్యాంకు మూత ఎత్తి చూసేది. ఒకరోజు మధ్యాహ్నం నాయన మూటలు కట్టమంటే అమ్మ కదల్లేదు.

"ఈ ముసిలామెను, పిల్లోళ్లను నీళ్లు లేకుండా ఇడ్సిపెట్టి పోతే నాకు దోవలో కూడు దిగదు. ఆ మిషనుతో బోరు మాదిరి తవ్వలేవా నువ్వు?"

"అది పన్జేసేదైతే వాళ్లే ఎత్తకపోయిందురు గదా" అన్నాడు నాయన. అన్నాడే గానీ, ఆ మాటతోనే లేచి పనిముట్ల పెట్టె తెరిచాడు.

పెరట్లో ఏళ్ల తరబడి చెట్లకు పెట్టిన నీళ్లు కింద ఎక్కడో నిలిచి ఉంటాయని ఆయన లెక్క. మిషను మాత్రం లొంగలేదు. తాడు లాగగానే గుర్రుమని అందుకునేది, కాసేపు బాగా తిరిగేది, ఉన్నట్టుండి గొంతు పిసికినట్టు ఆగిపోయేది. ప్లగ్గు మార్చాడు, నిప్పురవ్వ బాగానే వస్తోంది. కార్బొరేటర్ విప్పి కడిగాడు. లోపలి పల్చటి రబ్బరు బిళ్ల చిరిగిందేమోనని అనుమానపడి, మామా వంటింటి చేతి తొడుగు కత్తిరించి అలాంటిదే వేశాడు. పెట్రోలు తగిలి అది ఉబ్బి ముడుచుకుపోయింది. మళ్లీ పాతదే పెట్టాడు. స్పానరు విసిరికొట్టి, తనే పోయి తెచ్చుకున్నాడు. బస్సెక్కే రోజు దగ్గరపడుతోంది. పొద్దస్తమానం ఎండలో ఆయన తాడు లాగే చప్పుడే, ఆపైన ఇంజను చచ్చిపోయే చప్పుడే.

చివరికి విసిగిపోయి, నన్ను పిడి పట్టుకోమని, అమ్మను పెట్రోలు పొయ్యమన్నాడు. అమ్మ పోస్తుంటే కొంత ఒలికింది. గేటు బయట ఏదో బండి చప్పుడైతే అటు చూస్తూ మూత సరిగా తిప్పకుండా వదిలేసింది. నాయన తాడు లాగాడు. ఇంజను అందుకుంది, తిరిగింది, ఇంకా తిరిగింది. ఆగలేదు. నాయన ఆగిపోతుందని చూస్తూ నిలబడ్డాడు గానీ అది ఆగలేదు. అప్పుడు ఆయన చూపు వదులుగా ఉన్న మూత మీద పడింది. ఆ మూతకు సూదిమొనంత బెజ్జం ఉంటుంది. పెట్రోలు కిందికి దిగాలంటే అందులోంచి గాలి లోపలికి పోవాలి. ఇసుకా ఆయిలూ కలిసి ఆ బెజ్జాన్ని రాయిలా పూడ్చేశాయి. నాయన సూదితో పొడిచి చూసి, దిగకపోతే, "తర్వాత చూచ్చాం" అని మూత వదులుగానే ఉంచి తవ్వడం మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో మొదటిసారి ఆయన నవ్వాడు.

పైన మెత్తటి ఇసుక, కింద సున్నం లాంటి గట్టి పొర. దాన్ని దాటాక నాయన కడ్డీ మీద కడ్డీ తగిలించాడు. బరమాకు తడిమన్ను అంటుకుని వస్తున్నప్పుడు గేటు దబదబా మోగింది. చప్పుడు విని ఇద్దరు సైనికులు వచ్చారు. ఒకడు మీసాలవాడు, ఇంకోడు మీసం కూడా సరిగా రానివాడు. గొయ్యి చూసి తుపాకులు దాస్తున్నామనుకున్నారు. మామా నల్లటి అబాయా సర్దుకుని ముందుకొచ్చి, నీళ్ల కోసమని చెప్పింది. నాయన తడిమన్ను చేతిలోకి తీసి చూపించాడు. మీసాలవాడి చూపు గొయ్యి మీది నుంచి మిషను మీదికి మళ్లింది. అది మాకు కావాలి, నడిపి చూపించు అన్నాడు.

నాయన వంగి, పెట్రోలు మూతను బిగించాడు. ఎంత బిగించాడంటే ఆయన మణికట్టు నరాలు నాకు కనిపించాయి. తాడు లాగాడు. మిషను తిరిగింది, గొణిగింది, చచ్చిపోయింది. ఇంకోసారి లాగాడు, అంతే. చిన్న సైనికుడు తనే లాగి చూశాడు, వాడికీ చచ్చిపోయింది.

"ఖర్బాన్," అన్నాడు నాయన, పాడైపోయిందని. "ఖలాస్."

మీసాలవాడు బూటుతో మిషన్ను ఒక్క తన్ను తన్ని బయటికి నడిచాడు. చిన్నవాడు గేటు దగ్గర వెనక్కి తిరిగి మా వైపు చూసి వెళ్లిపోయాడు. అమ్మ వచ్చి నాయన చేతిలోంచి పిడి అందుకుంది. ఆయన గోడకానుకుని కూర్చుని నీళ్లడిగాడు.

మూత మళ్లీ వదులు చేసి తవ్వితే మర్నాటికి నీళ్లు పడ్డాయి. ఉప్పగా, బురదగా ఉన్నా నీళ్లే. నాయన పాలపొడి డబ్బాకు తాడు కట్టి తోడే పద్ధతి మామాకు చూపించాడు. బట్టలకూ స్నానాలకూ ఇవి, తాగడానికి ట్యాంకువి అని అమ్మ చేతులతో చెప్పింది. మేము బస్సెక్కే పొద్దున మామా తన ట్యాంకులోని తియ్యటి నీళ్లు మా క్యాన్లనిండా పట్టింది. నాయన వద్దంటే అరబ్బీలో గద్దించింది. ఎడారి దారిలో, జోర్డాన్ గుడారాల్లో ఆ నీళ్లు మేము మూతలతో కొలుచుకుని తాగాం.

యుద్ధం అయ్యాక నాయన ఒక్కడే తిరిగి వెళ్లాడు. నన్ను ఇక్కడి బడిలో వేశారు. కుళాయిలు పూర్తిగా ఎండిపోయిన యుద్ధం చివరి రోజుల్లో వీధి వీధంతా ఆ ఉప్పునీళ్లే తోడుకుందని మామా ఆయనకు చెప్పిందట.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. పడగొట్టి పెద్దది కట్టారు, పెరడంతా బండలు పరిచారు. మామా పోయింది. నాయన పోయాడు, అమ్మ పోయి రెండేళ్లయింది. నా అరబ్బీ ఎప్పుడు పోయిందో నాకే తెలియదు. కిందటి నెల, అక్కడ పనిచేసే మా ఊరి అమ్మాయి ఫోన్లోంచి నూరా మాట్లాడింది. ఆమె ఏదో అంటుంది, నాకు అర్థం కాదు. నేనేదో అంటాను, ఆమెకు అర్థం కాదు. ఫోన్ పెట్టేస్తుందేమో అనుకుంటుండగా, ఒక్కో మాటే వెతుక్కుంటూ, అచ్చం మా కడప యాసలో అంది:

"బువ్వ తిందురు రాండి పాపా."

మధ్యాహ్నం మా ఇద్దరినీ అమ్మ అలాగే పిలిచేది. ఇప్పుడు మా ఇంట్లో అలా పిలిచేవాళ్లెవరూ లేరు. అమ్మ గొంతులోని ఆ సాగతీత నాకే గుర్తు లేదు, నూరాకు గుర్తుంది. ఇంకోసారి అనమని అడగడానికి నాకు అరబ్బీ మాట దొరకలేదు.