అక్షరం మీద కాలు

మా పాప ప్లే స్కూలుకు వెళ్ళింది మొత్తం తొమ్మిది రోజులు. అందులో ఏడు రోజులు గేటు దగ్గరే వాంతి చేసుకుంది. పదో రోజు జ్వరం వచ్చింది. "అలవాటైతదమ్మా, మీరే జర గట్టిగుండాలె" అంది అక్కడి మేడమ్. నేను గట్టిగా ఉండలేకపోయాను. పిల్లను చంకనేసుకుని చంపాపేట్‌లోని మా ఇంటికి తెచ్చేసుకున్నాను. ఇప్పుడేం చేద్దామని అడిగితే మా ఆయన షర్టు గుండీలు పెట్టుకుంటూ చాలా తేలిగ్గా ఒక మాట అన్నాడు.

"నువ్వు ఎమ్మెస్సీ జేసినవ్ గదా. రెండొందల మందికి చెప్పినదానివి, గీ ఒక్కదానికి చెప్పలేవా?"

ఆ మాట అనేసి, తను పనిచేసే చీరల షోరూముకు పోయాడు. దాని ఫలితం నేను ఎనిమిది నెలలు అనుభవించాను.

పాప పుట్టకముందు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. మైకు పట్టుకుంటే వెనక బెంచీలో కునికేవాడు కూడా లేచి కూర్చునేవాడు. జూన్‌లో కొత్త బ్యాచ్‌కు మళ్ళీ రమ్మని సెంటర్ వాళ్ళు కబురు పెట్టారు. ఎల్బీనగర్ దగ్గరి ఒక స్కూల్లో పాపకు ఎల్‌కేజీ సీటొస్తే అది బడికి, నేను నా క్లాసులకు. రాకపోతే ఇంకో ఏడాది ఇంట్లోనే, నా ఉద్యోగం ఇంకొకరికి. ఆ స్కూల్లో అంత చిన్న పిల్లలకు పరీక్ష పెట్టరు. 'ఇంటరాక్షన్' అంటారు. పిల్లకు అక్షరాలు తెలుసా, చెప్పింది చేస్తుందా అని మాత్రం చూస్తారట. పరీక్షకు ఇంకో పేరు పెడితే తల్లులకు గుండెదడ తగ్గుతుందని ఎవరనుకున్నారో!

సరే, మొదలుపెట్టాను. ఫోన్లో వెతికితే ఇంగ్లీషు అక్షరాలు నేర్పే వీడియోలు బోలెడు దొరికాయి. వారానికి ఒక అక్షరం, ఒక్కో అక్షరానికి అయిదారు ఆటలు. ఎక్కడో చలిదేశంలో ఒక తల్లి, గరిటె కూడా కనబడని తెల్లటి వంటింట్లో నిలబడి, నవ్వుతూ చేసి చూపిస్తుంది. 'ఏ' వారానికి ఆ దేశపు చెట్ల కాయలేవో ఏరుకురమ్మంటుంది. మా చంపాపేట్ మెయిన్ రోడ్డులో ఏరితే దొరికేవి మూడే: సీసా మూతలు, గుట్కా కవర్లు, పల్లీల తొక్కలు. బొమ్మలకు అతికించే కదిలే కళ్ళు కావాలంటుంది. వాటికోసం దిల్‌సుఖ్‌నగర్‌లో స్టేషనరీ షాపులన్నీ తిరిగాను. ఒకతను నన్ను జాలిగా చూసి, "ఎంసెట్ మెటీరియల్ ఉన్నది మేడమ్. కండ్లయితే లేవు" అన్నాడు.

'బి' వారంలో అక్షరం ఆకారంలో బఠానీలు అతికించమంటే పాప రెండు అతికించి, ఒకటి ముక్కులో పెట్టుకుంది. దవాఖానకు పరుగెత్తాం. 'సి' వారంలో జిగురు డబ్బా మొత్తం జుట్టుకు రాసుకుంది. 'ఐ' వారంలో ఇగ్లూ అనే మంచు ఇంటి బొమ్మ చూపించి ఇదేమిటని అడిగితే ఇడ్లీ అంది. అదీ 'ఐ'తోనే కదా అని టిక్కు పెట్టేశాను. అప్పటికి నాకు అంత ఓపిక కూడా మిగల్లేదు.

వీటన్నిటికీ తోడు పై వాటాలో ఒకావిడ. వాళ్ళది గుంటూరు వైపు. ఆవిడకూ ఇదే వయసు కొడుకున్నాడు. మెట్ల మీద ఎదురైనప్పుడల్లా, "మావాడు జెడ్ దాకా వచ్చేశాడండీ. మీ పాప ఎక్కడుంది?" అనేది.

"మంచం కింద ఉందండీ" అనేదాన్ని. నిజంగానే అక్కడ ఉండేది, కత్తెరతో సహా.

చివరికి ఒక్క ఆట పాపకు నచ్చింది. హాల్లో గచ్చు మీద రంగు టేపుతో పెద్దపెద్ద అక్షరాలు అంటించాను. నేను పేరు చెప్పగానే ఆ అక్షరం మీదికి గెంతాలి. పాప పకపకా నవ్వుతూ 'ఏ' మీదికి గెంతింది, 'బి' మీదికి గెంతింది. నాలుగు నెలల్లో మొదటిసారి నా ప్రాణం కుదుటపడింది. సరిగ్గా అప్పుడే మా అత్తమ్మ లోపలికి వచ్చింది.

అత్తమ్మ పోచంపల్లి దగ్గర ఊళ్ళో ముప్ఫై ఏళ్ళు మగ్గం నేసిన మనిషి. మామయ్య పోయాక మా దగ్గరే ఉంటోంది. బడి ముఖం చూడలేదు. సంతకం ఒక్కటి మటుకు పట్టుబట్టి నేర్చుకుంది.

"అయ్యయ్యో! సదువు మీద కాలు వెడ్తరా బిడ్డా?" అంటూ వచ్చి పిల్లను ఎత్తి పక్కన నిలబెట్టింది. దాని చెయ్యి పట్టుకుని 'బి'కి తాకించి, రెండు కళ్ళకూ అద్దించింది. "మొక్కు. తప్పయిందను."

"అత్తమ్మా, గది టేపు. పైగా ఇంగ్లీషు."

"ఇంగిలీషైతే సదువు కాదా? నువ్వు గా సదువుతోనే గదా నౌకరి జేసినవ్?"

"మరి మీరు మిర్పకాయలు ఎండవోసే ఫ్లెక్సీ మీద గజం గజం అక్షరాలున్నయి. దాన్ని తొక్కుకుంటనే పోతరు గదా!"

"గది ఫ్లెక్సీ" అంది అత్తమ్మ.

టేపంతా గీకి పారేశాను. రాత్రి భోజనాల దగ్గర మా ఆయనకు చెబితే, "నన్ను నడుమల ఇరికియ్యకున్రి. పప్పు ఎయ్యి" అన్నాడు.

ఆ రోజు నుంచి పాపకు కొత్త పని దొరికింది. ఎక్కడ అక్షరం కనబడ్డా వంగి తాకి కళ్ళకద్దుకోవడం. బిస్కెట్ ప్యాకెట్టుకు మొక్కేది, గ్యాస్ సిలిండర్‌కు మొక్కేది. గుమ్మంలో 'వెల్‌కమ్' అని రాసిన పట్టా మీద కాలు పెట్టకుండా దూకి రావడంలో రెండుసార్లు బోర్లాపడింది. అత్తమ్మ ఆ పట్టాను తిరగేసి వేసింది. సమస్య తీరిందని ఆవిడ సంతోషం. ఒకరోజు పాప దిల్‌సుఖ్‌నగర్ మెట్రోలో నేల మీద అంటించిన అక్షరాలన్నిటికీ వరసగా వంగి మొక్కడం మొదలుపెట్టింది. వెనక జనం, నా చేతిలో సంచులు. ఎవరో కాలేజీ అమ్మాయి వీడియో కూడా తీసుకుంది. నాకు భూమిలోకి పోదామనిపించింది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. చెప్పడం నాకు ఇష్టం లేదు. పాప మొక్కే ముందు ప్రతిసారీ అత్తమ్మ "గిదేంది బిడ్డా?" అని అడిగేది. నేనూ అడిగేదాన్ని, కానీ నాకు జవాబు తెలుసని పిల్లకు తెలుసు. అత్తమ్మకు నిజంగానే తెలియదు. పాప 'ఆర్' అని చెబితే ఆవిడ "ఓహో, గిదా ఆరు!" అని ఆశ్చర్యపోయేది. రెండు నెలలు తిరిగేసరికి పిల్లకు ఇరవై ఆరు అక్షరాలూ వచ్చేశాయి. నేను అతికించిన బఠానీలు, దూది, కాగితపు పళ్ళాలు ఎవరికీ అక్కర్లేకపోయాయి. ఈ మాట ఇంట్లో ఎవరితోనూ అనలేదు. నా కష్టం ఫలించిందని పై వాటా ఆవిడతో మాత్రం చెప్పుకున్నాను.

ఇంటరాక్షన్ రోజు పాపకు రెండు జడలు వేసి తీసుకెళ్ళాను. గదిలో చిన్నవయసు టీచరొకామె, మంచి మనిషిలాగే ఉంది. నేల మీద రంగురంగుల మెత్తటి పలకల చాప. ఒక్కో పలక మీద ఒక్కో అక్షరం. చూడగానే పాప చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"జంప్ ఆన్ బి, డియర్" అంది టీచర్.

పాప తిన్నగా 'బి' దగ్గరికి వెళ్ళింది. చాప అంచున గొంతుక్కూర్చుని, చెయ్యి చాపి దాన్ని తాకి, కళ్ళకద్దుకుంది.

"నో, నో. స్టాండ్ ఆన్ ఇట్."

పాప తల అడ్డంగా ఊపింది. 'ఎమ్' అన్నా అంతే, 'ఎస్' అన్నా అంతే. మూడు అక్షరాలూ సరిగ్గానే పట్టింది, మూడింటికీ మొక్కింది. టీచర్ కాగితం మీద ఏదో రాయబోయింది.

"మేడమ్, దానికి అన్నీ వచ్చు. అక్షరాల మీద కాలు పెట్టొద్దని ఇంట్లో పెద్దవాళ్ళు..." అని మొదలుపెట్టాను.

"తెలుస్తోంది మేడమ్. కానీ చెప్పింది చేస్తుందా అని ఒక కాలమ్ ఉంది, నేను అది నింపాలి. పోనీ మీరు చేసి చూపించండి. అమ్మను చూస్తే చేస్తారు."

బయట ఇంకా పది మంది తల్లులు కూర్చుని ఉన్నారు. నాకు అందరి మీదా ఒళ్ళు మండింది. అత్తమ్మ మీద, ఆయన మీద, తెల్లటి వంటింట్లో నవ్వే ఆ తల్లి మీద, ఆ కాలమ్ కనిపెట్టినవాడి మీద. ఎనిమిది నెలల చాకిరీ, జూన్ బ్యాచ్, అన్నీ ఆ మెత్తటి పలక దగ్గర ఆగిపోయాయి. వెళ్ళి 'బి' మీద నిలబడ్డాను. అరికాలు తగలగానే నా కుడిచెయ్యి దానంతటదే కిందికి పోబోయింది. ఎమ్మెస్సీ చదివిన చెయ్యి! దాన్ని వెనక్కి లాక్కున్నాను.

"చూసినవా? అమ్మ నిలబడ్డది. ఏం గాలె. రా."

పాప నా కాళ్ళ వంక చూసి, నా ముఖం వంక చూసింది. "తప్పు" అంది మెల్లగా.

"తప్పు గాదు. తొక్కు."

"నానమ్మ చెప్పింది..."

"నానమ్మకేం తెల్వదు!"

గట్టిగానే అన్నాను. టీచర్ కూడా తలెత్తి చూసింది. పాప ఏడవలేదు. వచ్చి నా పక్కన 'బి' మీద నిలబడింది. ఆ తర్వాత 'ఎమ్' మీద, 'ఎస్' మీద, టీచర్ చెప్పిన ప్రతి అక్షరం మీదా కాలు పెట్టింది. ఒక్కటి కూడా తప్పు పోలేదు. టీచర్ "వెరీ గుడ్" అని టిక్కులు పెట్టింది. అరగంట తర్వాత ఆఫీసులో సీటు ఇస్తున్నట్టు కాగితం చేతికిచ్చారు.

ఆటోలో కూర్చోగానే కోచింగ్ సెంటర్‌కు ఫోన్ చేసి జూన్‌లో వస్తున్నానని చెప్పాను. ఆయనకు చెప్పాను. పాప దారి పొడవునా బయటికి చూస్తూ కూర్చుంది. అలిసిపోయిందనుకున్నాను.

అత్తమ్మ గుమ్మంలోనే ఎదురుచూస్తోంది. సీటొచ్చిందని చెప్పగానే పిల్లకు రెండు చేతులతో మెటికలు విరిచింది. నా చేతిలోంచి కాగితం తీసుకుని, పాప పక్కన చతికిలబడింది.

"నా బంగారం! గిండ్ల ఏం రాసిన్రు బిడ్డా? నాకు జర సదివి చెప్పు."

పాప కాగితం వంక చూడలేదు. "నీకేం తెల్వదు నానమ్మా" అంది.

అందులో కోపం లేదు. బడిలో నేర్చుకొచ్చిన పాఠం అప్పజెప్పినట్టు అంది. అత్తమ్మ కాగితం ఒళ్ళో పెట్టుకుని నవ్వింది.

"అవు బిడ్డా, నాకేం దెలుసు. అందుకే గదా నిన్ను అడుగుతున్న."

ఆ మాట ఎవరు నేర్పారని ఆవిడ పిల్లను అడగలేదు. నన్నూ అడగలేదు. అడిగితే బాగుండుననుకుంటూ చెప్పుల స్టాండు దగ్గరే నిలబడ్డాను.