వీసా ఫీజూ, మా ఓనర్ గారి కోపమూ

ఈ సాయంత్రం మా అమీర్‌పేట ఇంటి ఓనర్ మల్లేశం గారు కిరాయి పెంచుతున్నానని చెప్పడానికి పైకొచ్చారు. వచ్చేసరికి నా పక్క గది జోసెఫ్ దిగాలుగా వరండాలో కూర్చుని ఉన్నాడు. కెన్యా నుంచి చదువుకోవడానికి వచ్చి, పంజాగుట్టలో ఉద్యోగం దొరికాక ఇక్కడే ఏళ్లుగా ఉండిపోయాడు. తెలుగు నేర్పింది ఓనర్ గారే.

"ఏమైందిరా?" అన్నారు ఆయన.

"వీసా ఫీజు మళ్ల పెంచిన్రు అంకుల్. గిట్లయితే ఇంటికి పోవుడే."

ఆయనకు కోపం నషాళానికి అంటింది. వచ్చిన పని మరిచిపోయి, నేనిచ్చిన టీ తాగుతూ సర్కారును దులిపేశారు. "ఏండ్ల సంది ఉంటున్న మనిషికి జర తగ్గించాలె గని, పెంచుతరా? ఇన్సాఫ్ ఉండొద్దా?"

టీ అయ్యాక పని గుర్తొచ్చింది. "అవ్ గని జోసెఫ్, వచ్చే నెల సంది కిరాయి..."

జోసెఫ్ చేతులు జోడించాడు. "అంకుల్, ఏండ్ల సంది ఉంటున్న మనిషికి జర తగ్గించాలె గని, పెంచుతరా?"

మల్లేశం గారు ఖాళీ టీ కప్పు కింద పెట్టారు. "నీకు తెలుగు నేర్పుడు నాదే తప్పు" అని, అతన్ని వదిలేసి నావైపు తిరిగారు. "తమ్మీ, నీకైతే పెరుగుతది."

నేను గుంటూరు వాణ్ణి. "అలాగేనండి" అన్నాను.

అన్నిటికీ కోచింగ్ దొరికే అమీర్‌పేటలో జోసెఫ్ మాట్లాడే తెలుగు ఎక్కడ నేర్పుతారో తెలిస్తే కామెంట్లో చెప్పండి. డెమో క్లాసుకు రేపే వెళ్తాను.