మా నాయన పేపరు, మా అమ్మ రేడియో

మా ఊరికి పేపరు రెండు రోజులు ఆలస్యంగా వచ్చేది. మద్రాసులో అచ్చయి, రైల్లో గుంతకల్లు దాకా వచ్చి, అక్కడి నుంచి బస్సులో ఉరవకొండ చేరి, అక్కడి పోస్టాఫీసులో ఒక రాత్రి నిద్రచేసి, మర్నాడు టపా మనిషి సైకిలు మీద మా ఇంటికి వచ్చేది. ఊరు మొత్తానికి అదొక్కటే పేపరు. తెప్పించేది మా నాయన. ఆయన ఉరవకొండ హైస్కూల్లో చదువుతుండగానే మా తాత మంచం పట్టాడు. దాంతో చదువు మానుకుని వచ్చి సేద్యంలో దిగాడు. మిగిలిపోయిన చదువును పేపరుతో పూర్తి చేస్తున్నట్టు ఉండేది ఆయన తీరు.

రెండు రోజుల ఆలస్యాన్ని నాయన ఆలస్యమనుకునేవాడు కాదు. ఆయన లెక్కలో పేపరు వచ్చిన రోజే ఆ సంగతి జరిగిన రోజు. "ఢిల్లీలో వాళ్లు కూడా మీ నాయన చదివేదాకా కుర్చీలోంచి లెయ్యరు" అని అమ్మ మాతో అనేది, ఆయనకు వినపడేటంత గొంతుతోనే.

మధ్యాహ్నం సంగటి తిని, చేయి కడుక్కుని, నాయన అరుగు మీద కూర్చునేవాడు. అప్పటికే పదిమంది చేరి ఉండేవాళ్లు. పేపరుకు చుట్టిన కాగితప్పట్టీని చిరగకుండా జారదీసి, ముందు మొత్తం తనలో తాను చదువుకునేవాడు. మధ్యమధ్య "ఊఁ" అనేవాడు. ఆ "ఊఁ"కు అర్థమేమిటో తెలియక జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవాళ్లు. అదయ్యాక పైకి చదివేవాడు. ముందు పేపరు భాషలో, తర్వాత మా భాషలో. శాసనసభ గురించి ఏ గొంతుతో చదివేవాడో పళ్లపొడి ప్రకటన కూడా అదే గొంతుతో చదివేవాడు. కొంతమంది ఆ పళ్లపొడి కూడా ప్రభుత్వం ఇచ్చేదే అనుకున్నారు.

అందరికంటే ముందు వచ్చి కూర్చునేది ఊళ్లో గొర్రెలు మేపే ముసలాయన. మేము గొర్రెల తాత అనేవాళ్లం. ఆయనకు ఒకటే ప్రశ్న.

"వాన సంగతి ఏమన్నా రాసినారాప్పా?"

"రాయలేదు మామా."

"అయితే మిగతాది చదువు."

ఆడవాళ్లు అరుగు మీద కూర్చునే ఆచారం లేదు. అమ్మ లోపల తలుపు పక్కన కూర్చుని వేరుశనగ కాయలు ఒలుస్తూ వినేది. అర్థం కానిది ఏదైనా అన్నం పెట్టేటప్పుడు అడిగితే నాయన "అది నీకు చెప్పినా తెల్దులే" అనేవాడు. తనకు తెలియనప్పుడు కూడా అదే జవాబు. ఆ తేడా కనిపెట్టడం అమ్మకు బాగా తెలుసు.

ఇలా సాగుతుండగా, యాభైల చివర్లో మా పంచాయతీకి రేడియో వచ్చింది. పెద్ద చెక్కపెట్టె, దానికో బ్యాటరీ, పంచాయతీ ఆఫీసు మిద్దె మీద ఒక మైకు గొట్టం. బడి అయ్యవారే ఆ గదికి కూడా పెద్ద. తాళంచెవి ఆయన జేబులో ఉండేది. మొదటి రోజు సాయంత్రం ఊరంతా అక్కడే. నాయన కూడా ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లాడు. పాటలు వచ్చాయి, పంటల గురించి ఎవరో మాట్లాడారు, ఆఖర్న వార్తలు చెప్పారు. నాయన తల ఊపుతూ విన్నాడు. కొత్త పెళ్లికొడుకును చూసిన పాత అల్లుడిలా ఉన్నాడని అమ్మ తర్వాత చెప్పింది.

చిక్కు రెండు రోజుల తర్వాత వచ్చింది. నాయన పేపరు తెరిచి, "ఊఁ" అని, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. రెండు వాక్యాలు కూడా కాలేదు, గొర్రెల తాత అన్నాడు:

"ఇది మొన్ననే రేడియోలో చెప్పినారు గదప్పా."

నాయన పేపరు ఒళ్లో పెట్టుకున్నాడు. "చెప్పినారా? ఇంగ ఏమేమి చెప్పినారు?"

"ఇదే చెప్పినారు. నువ్వు చదువు, వింటాం. మాకేమి పనుండాది?"

ఆ మాట ఆయన్ని ఓదార్చడానికే అన్నాడు గానీ, నాయనకు అది ఇంకా గట్టిగా తగిలింది. ఆ రోజు నుంచి ఆయన రేడియో వైపు వెళ్లలేదు. ఎవరైనా అడిగితే ఒకటే మాట:

"గాల్లో వచ్చిందాన్ని గాలే తీసకపోతాది. రేపు నేనట్ల చెప్పలేదంటే ఎవుర్ని పట్టుకోవల్ల? పేపరైతే చేతిలో ఉంటాది."

అయితే పంచాయతీ గొట్టం మా ఇంటివైపే తిరిగి ఉండేది. గాలి కూడా ఎక్కువగా అటునుంచే వీచేది. సాయంత్రం వార్తల వేళకు నాయన పెరట్లోకి వెళ్లి విత్తనం వేసే గొర్రు బిగించుకునేవాడు. ఆ గొర్రుకు వచ్చిన జబ్బేమిటో తెలియదు, రోజూ సరిగ్గా అదే వేళకు వదులయ్యేది. సుత్తి దెబ్బల మధ్య నుంచి రేడియో గొంతు ముక్కలు ముక్కలుగా వస్తుంటే ఇంకా గట్టిగా కొట్టేవాడు. మా పక్కింటివాళ్లు, సేద్యం లేని ఎండాకాలంలో కూడా ఇంత శ్రద్ధగా పనిముట్లు చూసుకునే రైతు ఈ చుట్టుపక్కల లేడని మెచ్చుకున్నారు.

మరి అమ్మ? అమ్మ రేడియోకు వెళ్లడం మొదలుపెట్టింది. ముందు ఆడవాళ్ల కార్యక్రమం కోసమని చెప్పింది. తర్వాత ఆ కార్యక్రమం లేని రోజుల్లోనూ వెళ్లింది. పంచాయతీ ఆఫీసు వెనకవైపు ఆడవాళ్లు కూర్చునే చోటు ఉండేది. అక్కడ ఆమెకు "నీకు చెప్పినా తెల్దులే" అనేవాళ్లు ఎవరూ లేరు. ఇంటికి వచ్చేటప్పుడు మొహం కళకళలాడుతూ ఉండేది. నాయన ఏమీ అడిగేవాడు కాదు. అమ్మ ఏమీ చెప్పేది కాదు.

ఒకరోజు మధ్యాహ్నం నాయన చదువుతున్నాడు. కేంద్రంలో ఒక మంత్రి తప్పుకున్నాడు. ఆయన స్థానంలో కొత్తగా ఎవరొచ్చారో చెప్పే ముందు నాయన అలవాటుగా ఆగి, కళ్లద్దాలు తీసి పంచె చెంగుతో తుడవడం మొదలుపెట్టాడు. అరుగు మీద అందరూ ఆయన చేతుల వంకే చూస్తున్నారు. లోపలి నుంచి అమ్మ గొంతు ఆ కొత్త మంత్రి పేరు చెప్పింది. పేరుతో ఆగలేదు, ఆయనకు ఇచ్చిన శాఖ కూడా చెప్పింది.

కాయలు ఒలుస్తూ పరధ్యానంలో అనేశానని అమ్మ ఇప్పటికీ అంటుంది. నాకు నమ్మకం లేదు.

"ఎవురు చెప్పినారే నీకు?" అన్నాడు నాయన తలుపువైపు తిరిగి.

"రేడియోలో చెప్పినారు. మొన్న."

గొర్రెల తాత నవ్వాపుకోలేక దగ్గు తెచ్చుకున్నాడు. ఆ పూట నాయన ఇంకేమీ చదవకుండా పేపరు మడిచాడు. సాయంత్రం తల వంచుకునే అన్నం తిన్నాడు. మజ్జిగ పోస్తూ అమ్మే దిగివచ్చింది.

"ఇంగ నేను నోరు తెరవనులే. నువ్వు చదివేటప్పుడు అప్పుడే తెలిసినట్ల వింటా."

"నాకోసం ఏమీ వద్దు" అన్నాడు నాయన. కానీ మజ్జిగ ఇంకాస్త పోయించుకున్నాడు.

అమ్మ మాట నిలబెట్టుకుంది. అవసరానికి మించే నిలబెట్టుకుంది. నాయన చదువుతుంటే లోపలి నుంచి "అయ్యో!", "అట్లనా!", "చూడమ్మా ఎట్లయిందో!" అని వినిపించేది. చివరికి పళ్లపొడి ప్రకటనకు కూడా "అవునా!" అంది. నాయన కళ్లద్దాలు పైకి జరిపి తలుపువైపు చాలాసేపు చూశాడు.

అరవై రెండు మొదట్లో అష్టగ్రహ కూటమి పుకారు వచ్చింది. ఎనిమిది గ్రహాలు ఒకచోట చేరుతున్నాయి, లోకం మునిగిపోతుంది అని. దాన్ని మా ఊరికి ఎవరు తెచ్చారో ఎవరికీ తెలియదు. బస్సు కండక్టరన్నారు, దారిన పోయే సన్యాసి అన్నారు. దానికి మాత్రం పేపరు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు, ఒక్క పూటలో ఊరంతా తిరిగింది. గుడిలో భజన మొదలైంది. కొందరు విత్తనానికి దాచిన కాయలు వేయించుకుని తిన్నారు. ఆఖరిసారి తీపి తిందామని ఇంటింటా ఓళిగలు చేశారు. ఎవరు అడిగినా అమ్మకుండా దాచుకున్న పొట్టేలును గొర్రెల తాత కోసేసి, కొడుకులకూ కోడళ్లకూ పెట్టి, మా ఇంటికీ ఒక వాటా పంపాడు. మాతోపాటు కాయలు ఒలవడానికి వచ్చే క్రైస్తవుల వీధి అక్కను అమ్మ "మీ ఫాదరు ఏమంటాండాడు?" అని అడిగితే, "ఆయప్పకు ఇంగా కబురు రాలేదంటమ్మా" అని పని చేసుకుపోయింది.

నాయన పేపరు తీసుకుని అరుగు మీద నిలబడ్డాడు. పండితులు, శాస్త్రజ్ఞులు ఏమీ కాదని చెప్పారని చదివి వినిపించాడు. జనం శ్రద్ధగానే విన్నారు.

"అది రెండు దినాల కిందట రాసింది గదప్పా" అన్నాడు గొర్రెల తాత. "అప్పుటికి ఏమీ కాదనుకున్యారేమో. నిన్న ఏమన్నా తెలిసింటే?"

నాయన పేపరు మీద తేదీ మరోసారి చూసుకున్నాడు. జనం రేడియో దగ్గరికి వెళ్లారు. పంచాయతీ గదికి తాళం వేసి ఉంది. అయ్యవారు కనబడలేదు. సాయంత్రమైనా గొట్టం పలకలేదు. మర్నాడు, గ్రహాలు కలుస్తాయన్న రోజు పొద్దున కూడా పలకలేదు. అంతే, రేడియో ఆగిపోయిందంటే మాట పంపేచోటు మునిగిపోయిందన్నమాట అని ఎవరో అన్నారు. కాసేపటికి మద్రాసు పోయిందన్నారు. ఇంకాసేపటికి ఢిల్లీ కూడా. కదిరికి కూతుర్ని ఇచ్చిన మా ఎదురింటి అవ్వ వీధిలో కూర్చుని ఏడుపు మొదలుపెట్టింది.

అమ్మ లోపలికి వచ్చి నాయన ముందు నిలబడింది.

"ఉరవకొండకు పోయి చూసి రాపో."

"ఏమి చూసేది?"

"ఉండాదో లేదో."

రెండు రోజుల నాటి సంగతులతో తృప్తిగా బతికిన మనిషి, ఆ రోజు సంగతి తెలుసుకోవడానికి సైకిలెక్కాడు. వెళ్లేటప్పుడు మా పిల్లల తలలు నిమిరాడు. అది చూసే నాకు భయం వేసింది.

పొద్దు వాలకముందే తిరిగి వచ్చాడు. సైకిలు హాండిలుకు ఒక పొట్లం వేలాడుతోంది. నూనె కారుతోంది. జనం చుట్టూ మూగారు. నాయన పొట్లం విప్పి అరుగు మీద పెట్టాడు. మిరపకాయ బజ్జీలు.

"ఉరవకొండ ఉండాది" అన్నాడు. "బజ్జీలు వేయిస్తాండారు."

గొర్రెల తాత ఒకటి తీసుకుని, కొరికి, నిజమేనన్నట్టు తల ఊపాడు. అప్పుడు ప్రశ్నలు మొదలయ్యాయి. బళ్లారి? బళ్లారి బస్సు వచ్చింది, నిండా మనుషులు. గుంతకల్లు? అక్కడ రైలు దిగి వచ్చినోళ్లను చూసినాను. ఆదోని? కండక్టరును అడిగినాను, ఉండాదంట.

"కదిరి?" అంది ఎదురింటి అవ్వ.

కదిరి సంగతి నాయన అడగలేదు. అబద్ధం చెప్పడం చేతకాక నోరు తెరిచి మూశాడు. అప్పుడు అమ్మ గడప దాటి వచ్చి, వీధిలో నిలబడ్డ అవ్వకు దగ్గరగా అరుగు మీద కూర్చుంది.

"బళ్లారి ఉన్నప్పుడు కదిరి యాడికి పోతాదత్తా? నీ కూతురు ఈపాటికి ఓళిగలు తింటాంటాది."

అవ్వ కళ్లు తుడుచుకుంది. అమ్మ అరుగు మీద కూర్చున్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. నాయన చేతిలో పేపరు లేదు. చూసినది చూసినట్టు చెబుతూ పోయాడు. ఏ అంగడి తెరిచి ఉంది, టైలరు ఎవరి చొక్కా కుడుతున్నాడు, బస్టాండులో ఎవరు ఎవరితో పోట్లాడుతున్నారు. ఇలా ఆయన చెప్పడం నేను ఎప్పుడూ వినలేదు. ఎక్కడా ఆగి కళ్లద్దాలు తుడవలేదు. అమ్మ మధ్యలో "ఆ గొడవ ఎందుకంట?" అని అడిగితే, మొత్తం వివరంగా చెప్పాడు.

రేడియో సంగతి ఏమైందని ఎవరో అడిగారు. "అయ్యవారు ఊరికి పోతా తాళంచెవి జేబులో మరిచినాడంట" అన్నాడు నాయన.

అందరూ వెళ్లాక అసలు సంగతి అమ్మకు చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను. అయ్యవారు ఉరవకొండలో ఆ బజ్జీల అంగడి ముందే కనబడ్డాడట. లోకం మునిగితే పెళ్లాంబిడ్డల దగ్గరే ఉందామని అత్తగారింటికి పోయాడట. నాయనను చూసి, జేబు తడుముకుని, ఏడుపు మొహం పెట్టాడట.

"మరి ఊళ్లో ఎందుకు చెప్పలేదు?" అంది అమ్మ.

"ఆయప్ప రేపు పిల్లోళ్లకు పాఠం చెప్పల్ల గదే."

అమ్మ చాలాసేపు నవ్వింది. నాయన కూడా నవ్వాడు.

ఆ తర్వాత ఏ మార్పూ ప్రకటించకుండానే మార్పు వచ్చింది. పెరట్లో సుత్తి చప్పుడు ఆగింది. సాయంత్రం అమ్మ పంచాయతీ నుంచి వచ్చేసరికి నాయన గుమ్మంలో కూర్చుని, ఎద్దుల గురించో, ఎరువు గురించో రెండు మాటలు మాట్లాడి, "ఇంగ ఏమి చెప్పినారు?" అనేవాడు. అమ్మ చెప్పేది. అర్థం కానిది అడిగితే నాయన తెలిసింది చెప్పేవాడు, తెలియనిది "నాకూ తెల్దు" అనేవాడు. పొట్టేలు పోయిన గొర్రెల తాత మాత్రం కొన్నేళ్లపాటు గ్రహాల పేరెత్తితే లేచి వెళ్లిపోయేవాడు.

అరవైల చివర్లో కాయలు కాస్త బాగా పండిన ఏడాది నాయన ట్రాన్సిస్టరు కొన్నాడు. అరుగు మీద పెట్టుకుందామని తెచ్చాడు గానీ, మూడో రోజుకే అది వంటింట్లో ఉప్పు జాడీ పక్కకు చేరింది. అమ్మకు పాటలు కావాలి, నాయనకు వార్తలు కావాలి. మరీ పోట్లాట ముదిరితే దాన్ని నా చేతికిచ్చేవాళ్లు. నేను నాటకం పెట్టుకునేదాన్ని, ఇద్దరూ విసుక్కుంటూనే పక్కన కూర్చుని చివరిదాకా వినేవాళ్లు.