చెప్పులు విడిచే గది

వనపర్తిలో ఇంటికి కంప్యూటర్ కొన్నవాళ్లు యాంటీవైరస్ ఏది వేయాలో నిజాముద్దీన్ సారునే అడుగుతారు. ముప్పై ఏళ్ల కిందట ఆయన కంప్యూటర్ సెంటర్‌లో ఒక్కటే ఏసీ గది. చెప్పులు గుమ్మం బయటే విడవాలి. వాటి దుమ్ముతోనే వైరస్ వస్తుందని పిల్లలు నమ్మేవారు. మొదట్లో సారూ నమ్మాడు. అసలు సంగతి తెలిశాక కూడా ఆ నియమం మార్చలేదు. ఇప్పటికీ కీబోర్డు ముట్టుకునే ముందు చేతులు కడుక్కుని, రుమాలుతో వేలు వేలూ తుడుచుకుంటాడు.

నిన్న పాత విద్యార్థిని గీత పిలిస్తే, సంచిలో మూడు రకాల యాంటీవైరస్ డబ్బాలతో వెళ్లాడు. ఆ అమ్మకాలే ఆయన బతుకుదెరువు. కొత్త కంప్యూటర్ తెరిచి చాలాసేపు చూసి, సంచి జిప్పు మళ్లీ మూసేశాడు.

“ఏది ఏద్దాం సార్?” అంది గీత.

“ఏదీ వద్దమ్మా. కావాల్సింది దీంట్లనే వచ్చింది. ఊకె ఎందుకు కొంటవ్? అప్‌డేట్ అడిగితే మాత్రం కాదనకు.”

“గంతేనా సార్? ఇంకేం జాగ్రత్త లేదా?”

సారు కుర్చీలోంచి లేచి ఆమె కాళ్లకేసి చూశాడు. గీత నవ్వి, ఇంట్లో తొడుక్కునే స్లిప్పర్లు గుమ్మం అవతల విడిచి వచ్చింది. అప్పుడుగానీ ఆయన మౌస్ ఆమె వైపు జరపలేదు.