వఫ్రా రోడ్డు పాటలో ఆ ఒక్క మాట

దయ్యాలూ గియ్యాలూ అని ఎవరైనా మొదలెడితే నేను లేచి టీకి వెళ్ళిపోయే రకం. కువైట్‌లో, అల్ రాయ్‌లోని ఒక గ్యారేజీలో కార్ల వైరింగ్ పని నాది. ‘అన్నా, బండిలో ఏదో గొణుగుతోంది’ అని భయపడుతూ వస్తారు. విప్పి చూస్తే ఎక్కడో వైరు ఊడి ఉంటుంది. అలాంటివాణ్ణి ఇది రాయడానికి కూర్చున్నానంటే నాకే సిగ్గుగా ఉంది.

కానీ రాయక తప్పట్లేదు. కువైట్‌లో మన తెలుగువాళ్ళ ఫంక్షన్లకి వచ్చేవాళ్ళకి మా ‘వఫ్రా రోడ్డు’ పాట తెలిసే ఉంటుంది. మా బావ ఎలక్ట్రిక్ గిటారు, నేను డ్రమ్స్. ఒకప్పుడు అమలాపురంలో ఆర్కెస్ట్రాలో వాయించిన చెయ్యి ఆయనది. గిటారు మొదలైతే కుర్చీల్లో ఎవరూ ఉండరు. ఎనిమిదేళ్ళయినా అదే పాట అడుగుతారు. కుర్రాళ్ళు దాన్ని ‘క్లాసిక్ రాక్’ అంటుంటే బావ పొంగిపోతాడు.

ఈమధ్య ఎవరో మహానుభావుడు, ఆ పాటని బావ ఫర్వానియాలో ఉండే ఒక నర్సు కోసం కట్టాడని ఫోన్ గ్రూపులో పెట్టాడు. మా అక్క అది చదివి రెండ్రోజులు నవ్వింది. మూడో రోజు కూర మాడ్చింది. అందుకని అసలు సంగతి చెప్పేస్తున్నాను.

అప్పటికి అక్కకీ బావకీ పెళ్ళయి ఆరేళ్ళు. ఇద్దరూ ఒకచోట ఉన్నది మొత్తం కలిపితే ఆర్నెల్లు ఉండదు. రెండుసార్లు తిరగ్గొట్టాక మూడోసారి అక్కకి వీసా వచ్చింది. విమానం ఇక్కడ దిగేది మధ్యాహ్నం ఒంటిగంటకి. తను ఎప్పుడూ విమానం ఎక్కలేదు. తెలుగు తప్ప ఇంకో భాష రాదు. చేతిలో ఇక్కడ పనిచేసే ఫోను లేదు. ‘నువ్వు బయటికొచ్చేసరికి ఎదురుగా నేనుంటాను’ అని బావ వారం రోజులు చెప్పిందే చెప్పాడు.

సరిగ్గా ఆ ఉదయమే మా ముదీర్, అంటే మేనేజరు, ఒకే గ్యారేజీలో పనిచేసే మా ఇద్దర్నీ వఫ్రా పంపాడు. అక్కడి తోటల్లో ఒకచోట జనరేటరు ఆగిపోయిందట. కాదనడానికి లేదు. పన్నెండింటికల్లా పని ఖలాస్. గంటలో ఎయిర్‌పోర్టులో ఉంటామనుకుని పికప్ ఎక్కాం. స్టీరింగ్ దగ్గర బావ కూర్చున్నాడు. కాస్త దూరం వచ్చామో లేదో దుమ్ము లేచింది.

ఆ దుమ్ము చూడనివాళ్ళకి చెప్పడం కష్టం. పట్టపగలే ఎర్రటి చీకటి కమ్మేస్తుంది. బానెట్ అవతల రోడ్డుందో లేదో తెలియదు. నెమ్మదిగా వెళ్ళమన్నాను.

“మీ అక్క అక్కడ బిక్కుబిక్కుమంటా నిలబడద్దిరా శీనూ” అని బావ ఇంకా తొక్కాడు.

అప్పుడు వినబడింది. ఒకే ఒక్క మాట. మా ఇద్దరి మధ్యా కూర్చుని ఎవరో అన్నంత దగ్గరగా. ఆడగొంతో మగగొంతో చెప్పలేను. గట్టిగా కూడా లేదు. అద్దాలు ఎత్తి ఉన్నాయి, ఏసీ హోరుమంటోంది. రేడియో అంటారేమో, దాన్ని ముందు వారమే నేను పీకేశాను. ఆ చోట ఉత్త కన్నం ఉంది.

బావ బ్రేకు మీద నిలబడ్డాడు. నా నుదురు వెళ్ళి డాష్‌బోర్డుకి కొట్టుకుంది.

“ఎందుకాపేవ్ బావా? ఎవరో రమ్మంటన్నారు కదా!”

“రమ్మనడం ఏంట్రా? తాళమన్నారు!”

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇక్కడ అరబ్బీలో ‘తాల్’ అంటే ‘రా’. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని పిలిచినా, పోలీసు పిలిచినా ఆ మాటే. మా ఇంట్లో పెద్దవాళ్ళు ‘ఆగు’ అనడానికి ‘తాళు’ అంటారు. ఒకే మాటని నేను అరబ్బీలో విన్నాను, ఆయన తెలుగులో విన్నాడు. ఏ భాషలో అన్నా, అన్నవాళ్ళెవరు?

కాసేపటికి దుమ్ము కొంచెం పల్చబడింది. ముందు ఇరవై ముప్ఫై అడుగుల్లో రోడ్డుకి అడ్డంగా పడిపోయిన నీళ్ళ ట్యాంకరు కనబడింది.

పరిగెత్తి వెళ్ళి చూస్తే లోపల ఒక పెద్దాయన, ఈజిప్టు మనిషి, తలుపుకీ సీటుకీ మధ్య ఇరుక్కుపోయి ఉన్నాడు. స్పృహ లేదు, ఊపిరుంది. తొడ దగ్గర రక్తం కారిపోతోంది. బావ తన బనీను చింపి గట్టిగా అదిమి పట్టుకున్నాడు. నేను అంబులెన్సుకి ఫోన్ చేసి, మా పికప్‌ని వెనకాలకి తీసుకెళ్ళి లైట్లన్నీ వేసి నిలబెట్టాను. అప్పటికి పన్నెండూ ముప్పావు.

నేను అదిమి పట్టుకుంటాను, నువ్వు బండి తీసుకుని ఎయిర్‌పోర్టుకి వెళ్ళు అన్నాను. బావ కదల్లేదు.

“బండి తీసేస్తే ఎనకొచ్చేవోడు మిమ్మల్నిద్దర్నీ గుద్దేత్తాడ్రా. మీ అక్క తిట్టుకుంటా అయినా కూర్చుంటది. ఈయన తాళలేడు.”

ఆ మాటంటూ బావ ఏడుస్తున్నాడు. వేళాకోళం తప్ప ఇంకేం తెలియని మనిషి. ఆయన మీద నాకున్న ప్రేమ ఎంతో ఆ రోజే నాకు తెలిసింది.

అంబులెన్సు వచ్చి, పోలీసులతో మాట్లాడి, మేం ఎయిర్‌పోర్టు చేరేసరికి మూడున్నర. బయట గేటు పక్కన అక్క పెట్టె మీద కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి తిట్టడానికే లేచింది. బావ చొక్కా నిండా ఉన్న రక్తం చూసి ఆయన దగ్గరికి పరిగెత్తింది. నాది కాదు, నాది కాదు అని బావ చెబుతూనే ఉన్నాడు, అక్క వినిపించుకోకుండా ఒళ్ళంతా తడిమి చూస్తోంది. అంతమందిలో ఆయన్ని పట్టుకుని ఏడ్చేసింది.

పెద్దాయన బతికాడు. రెండు వారాల తర్వాత ముగ్గురం ఆసుపత్రికి వెళ్ళాం. టైరు పేలడం వరకే ఆయనకి గుర్తుంది. ఎవర్నీ పిలవలేదన్నాడు. పిలిచినా ఆ గాలిలో, మూసిన అద్దాల్లోంచి మాకు వినబడే దారి లేదు. నేనూ ఊరుకోలేదు. ఒక శుక్రవారం కూర్చుని పికప్ డాష్‌బోర్డు మొత్తం విప్పాను. స్పీకర్ల వైర్లు దేనికీ కలిసే లేవు.

ఆ నెలలోనే బావ పాట కట్టాడు. పల్లవి చివర ఆ మాట దగ్గర గొడవొచ్చింది. ‘తాళు’ అని ఆయన, ‘తాల్’ అని నేను. ఎవరు విన్నది వాళ్ళు పాడి చావండని అక్క తీర్పు చెప్పింది. ఇప్పటికీ అలాగే పాడుతున్నాం. కింద డాన్సులు వేసేవాళ్ళకి అది ఒకటే మాట. ప్రేయసి ప్రియుణ్ణి ఆగమంటోందని అనుకుంటారు.

ఎవరన్నారో, ఎవరితో అన్నారో నాకు ఈరోజుకీ తెలియదు. అయితే ఒక్క సంగతి ఇంతవరకూ అక్కకి కూడా చెప్పలేదు. ఆ పికప్ రోజూ నడిపేది నేనే. ఆ రోజు తొందరకొద్దీ బావ నన్ను పక్క సీట్లోకి తోసి కూర్చున్నాడు గానీ, లేకపోతే స్టీరింగ్ నా చేతిలోనే ఉండేది. ఎవరో రమ్మంటున్నారని నేను ఇంకా గట్టిగా తొక్కేవాణ్ణి.