డేట్ స్లిప్పు చెప్పని సంగతి

రిటైర్మెంటుకు మూడేళ్ల ముందు, జూన్ నెల మొదటి సోమవారం, అశోక్‌నగర్‌లో ఒక ట్రస్టు నడిపే గ్రంథాలయంలో చీఫ్ లైబ్రేరియన్‌గా చేరాను. నల్లకుంటలోని మా ఇంటి నుంచి నడిచే వెళ్లేవాణ్ణి. నారాయణగూడలో ఒక చాయ్ తాగి, తొమ్మిదికల్లా తాళం తీసేవాణ్ణి. అప్పటికే పోటీ పరీక్షలకు చదివే హాస్టల్ పిల్లలు బ్యాగులతో గేటు ముందు నిలబడి ఉండేవారు. తలుపు తీయగానే కుర్చీల కోసం వాళ్లు పరుగెత్తే చప్పుడు నాకు ఇప్పటికీ ఇష్టమే.

చేరిన వారానికే ట్రస్టు కార్యదర్శిగారు నాకు వీడింగ్ పని అప్పగించారు. అంటే ఎవరూ చదవని పుస్తకాలను ఏరి తీసేయడం. ఖాళీ అయిన అల్మారాల్లో పోటీ పరీక్షల గైడ్లు పెట్టాలని ఆయన ఆలోచన. ప్రతి పుస్తకం చివర, ఇంటికి ఇచ్చినప్పుడల్లా తేదీ ముద్ర కొట్టే డేట్ స్లిప్పు ఉంటుంది. ఐదేళ్లుగా దాని మీద ఇష్యూ ముద్ర లేకపోతే ఆ పుస్తకం జాబితాకెక్కుతుంది. తర్వాత ‘రద్దు’ ముద్ర కొట్టి, పాత కాగితాల వ్యాపారికి ఇచ్చేస్తారు. సాహిత్య విమర్శ, రాజనీతి, పొదుపు పుస్తకాల స్లిప్పులు దాదాపు అన్నీ తెల్లగా కనిపించాయి. జాబితా రాసి సంతకం పెట్టాను. మొదటి విడతలో రాజనీతి పుస్తకాలు వెళ్లిపోయాయి.

మర్నాడు సుజాత అనే అమ్మాయి నా బల్ల దగ్గరికి వచ్చింది. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి వచ్చి, హాస్టల్లో ఉంటూ గ్రూప్-1కు చదువుతోంది.

“సార్, ఆ మూల అల్మార ఖాళీగున్నదేంది? నేను చదివే బుక్కు ఏడవెట్టిన్రు?”

రాజ్యం గురించీ పౌరహక్కుల గురించీ తెలుగులో రాసిన లావుపాటి పుస్తకమట. రెండేళ్లుగా రోజూ చదువుతోందట. మరి ఒక్కసారైనా ఇంటికి తీసుకెళ్లలేదేమని అడిగాను.

“మాకు మెంబర్‌షిప్ ఎవరిస్తరు సార్? కిరాయి అగ్రిమెంట్ అడుగుతరు. హాస్టల్ల ఉండేటోళ్లకు అది యాడికెళ్లి వస్తది? ఈడనే కూసొని చదివి, మళ్ల ఆడనే పెడతం. నేనొక్కదాన్నే కాదు, శానమంది గంతే.”

ఆటో ఎక్కి వ్యాపారి దగ్గరికి పోయాను. సరుకు పొద్దున్నే కాగితం మిల్లుకు వెళ్లిపోయిందన్నాడు.

మిగిలిన జాబితాను ఆ రోజే ఆపాను. చదివిన పుస్తకాన్ని తిరిగి అల్మారాలో పెట్టకుండా బల్ల మీదే వదలమని హాల్లో కాగితం అంటించాను. మూసే ముందు నేనే వాటి పేర్లు రాసుకుని సర్దేవాణ్ణి. పదిహేను రోజుల్లో, జాబితాలో మిగిలినవాటిలో సగానికి పైగా బల్లల మీదికి వచ్చాయి. పొదుపు, బీమాల మీద ఒక సన్నటి పుస్తకాన్ని ఆదివారాలు చదివేది విద్యానగర్‌లో బిల్డింగ్ పని చేసే మేస్త్రీ అని అప్పుడే తెలిసింది.

ఆ లెక్క చూపించి జాబితా రద్దు చేయమంటే, “తప్పు మీదేనని రాసిస్తారా?” అని కార్యదర్శిగారు అడిగారు. రాసిచ్చాను. జాబితా రద్దయింది, నా సర్వీసు ఫైలులో ఒక మెమో చేరింది. హాస్టల్ వార్డెన్ సంతకం మీద సభ్యత్వం ఇవ్వాలని అదే కాగితంలో అడిగాను. దానికి ఆరు నెలల తర్వాత ఒప్పుకున్నారు.

సుజాత పుస్తకం మాత్రం పాత పుస్తకాల దుకాణాల్లో ఎంత వెతికినా దొరకలేదు. ఆ మాట చెబితే, “పోనియ్యండి సార్, మిగిలినయన్న ఉన్నయి గద” అంది. నా మొహం వైపు మాత్రం చూడలేదు. ఆ ఏటి పరీక్ష అది లేకుండానే రాసింది.

డేట్ స్లిప్పు గడప దాటిన పుస్తకాల లెక్క మాత్రమే చెబుతుంది. లోపల కూర్చుని చదివేవాళ్ల లెక్క కావాలంటే లైబ్రేరియన్ కుర్చీలోంచి లేచి బల్లల మధ్య తిరగాలి. ఇది నేను సర్వీసు చివర్లో, ఒక పుస్తకాన్ని పోగొట్టాక నేర్చుకున్నాను.